సిమ్ లీగ్ ఆల్‌స్టార్ ఓటింగ్: డిఫెన్స్ ఫలితాలు తేడాగా వస్తే ఎక్కడ వెతకాలి

ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సిమ్ లీగ్ (కంప్యూటర్ ఆటలో ఒక్కో ఓనర్ ఒక్కో జట్టును నడిపే లీగ్) నడిపే కమిషనర్ల కోసం. ఫారం తయారుచేయడం, గణాంకాలను షీట్‌లోకి దించుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. అఫెన్స్ ఓటింగ్‌లో పెద్దగా తగాదాలు రావు. యార్డులు, టచ్‌డౌన్లు అందరి కళ్లకూ కనబడతాయి. డిఫెన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి సీజన్ అదే పంచాయితీ: ఓటేసినవాళ్లకు ఆట తెలియదని. తెలియకపోవడం అరుదు. వాళ్ల చేతికిచ్చిన బ్యాలెట్టే తప్పుగా ఉండటం ఎక్కువ.

ముందు ఈ గుణకారం చేయండి

ఏ ఫిర్యాదు వచ్చినా మొదటి పని ఇదే. దీన్ని దాటేసి గంటల తరబడి వాదించుకునేవాళ్లే ఎక్కువ. వచ్చిన బ్యాలెట్ల సంఖ్యను, ఆ స్థానానికి ఒక్కొక్కరు వేయాల్సిన ఓట్లతో గుణించండి. 32 మంది ఓనర్లలో 28 మంది ఓటేశారు, ఒక్కొక్కరు ముగ్గురు కార్నర్‌బ్యాక్‌లను (పాస్ అందుకునేవాళ్లను కాసే డిఫెండర్లు) ఎంచుకోవాలి అంటే మొత్తం 84 రావాలి. 84 దాటిందంటే ఎవరో రెండుసార్లు పంపారు. తగ్గిందంటే ఎవరో ఖాళీ వదిలారు, లేదా పేరు వేరే రకంగా టైపు చేయడంతో మీ ఫార్ములా దాన్ని పట్టుకోలేదు. ఇంటిపేరు ఒక్కటే రాసేవాళ్లు, చివరన ఒక ఖాళీ కొట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. టైపు చేసే గడి తీసేసి, జాబితాలోంచి ఎంచుకునే గడి పెడితే ఈ గొడవ పోతుంది.

జాబితా పెట్టినా ఒక చిక్కు మిగులుతుంది. కొత్త ఆటగాళ్ల పేర్లను ఆట సాఫ్ట్‌వేర్ దానంతటదే పుట్టిస్తుంది కాబట్టి పదేళ్లు నడిచిన లీగ్‌లో ఒకే పేరుతో ఇద్దరు ఉండటం మామూలే. ఓట్లను పేరుతో కాదు, ఆటగాడి ఐడీ నంబరుతో లెక్కించండి. బ్యాలెట్‌లో పేరు పక్కన జట్టు పేరు కూడా వేయండి.

లక్షణం: శాక్‌లలో ముందున్నవాడు ఆల్‌స్టార్ జట్టులోనే లేడు

శాక్ అంటే పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం. వెంటనే వినిపించే మాట, అతని ఓనర్ అంటే ఎవరికీ గిట్టదు కాబట్టి ఓట్లు వేయలేదని. ఆ మాట నమ్మే ముందు, అతని పేరు బ్యాలెట్‌లో ఏ స్థానం కింద ఉందో చూడండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

4-3 (ముందు లైన్‌లో నలుగురు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు) ఆడే జట్టులో పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అంచునుంచి దూసుకెళ్లేవాళ్లు డిఫెన్సివ్ ఎండ్‌లు. 3-4 (లైన్‌లో ముగ్గురు, వెనక నలుగురు) ఆడే జట్టులో అదే పని చేసేది అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్లు. పని ఒకటే, రోస్టర్‌లో (జట్టు ఆటగాళ్ల జాబితా) రాసిన స్థానం వేరు. మీ బ్యాలెట్ రోస్టర్ స్థానాన్ని బట్టి తయారైతే లీగ్‌లో ఇలా దూసుకెళ్లే పాస్ రషర్లు రెండు పేజీల మీదికి చీలిపోతారు.

దీనివల్ల నష్టం ఒక్క చోట ఆగదు. పేర్లు టైపు చేసే బ్యాలెట్ అయితే ఒకే ఆటగాడిని కొందరు ఎండ్‌గా, కొందరు లైన్‌బ్యాకర్‌గా రాస్తారు. అతనికి అటు 10, ఇటు 9 పడితే, 13 తెచ్చుకున్నవాడు ఎండ్‌గానూ 12 తెచ్చుకున్నవాడు లైన్‌బ్యాకర్‌గానూ లోపలికి వెళ్తారు, ఇతను రెండు చోట్లా బయటే. జాబితాలోంచి ఎంచుకునే బ్యాలెట్ అయితే దెబ్బ ఇంకొకడికి తగులుతుంది. అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ పేజీ అంతా 12, 14 శాక్‌లవాళ్లతో నిండిపోతుంది. 4-3లో పాస్ అందుకునే టైట్ ఎండ్‌లను కాస్తూ, బంతితో పరుగెత్తేవాళ్లను ఆపుతూ సీజనంతా గట్టిగా ఆడిన లైన్‌బ్యాకర్ 2 శాక్‌లతో ఆ పేజీలో ఎక్కడో అడుగున ఉంటాడు. ఎండ్ పేజీలో కథ తిరగబడుతుంది. 3-4 ఎండ్ పని బ్లాకర్లను పట్టి ఉంచడం. అతని 4 శాక్‌లను 4-3 ఎండ్ 12 శాక్‌ల పక్కన పెడితే ఓటు ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. ఫిర్యాదు చేసేది శాక్‌లవాడి ఓనర్ ఒక్కడే. మిగతా ఇద్దరికీ అన్యాయం జరిగిందని ఎవరికీ తెలియదు. ఈ సమస్య ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోయేది అందుకే.

అసలు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోనే ఇది జరిగింది. 2015 సీజన్‌లో ఓక్‌లాండ్ రైడర్స్ ఆటగాడు ఖలీల్ మ్యాక్ 15 శాక్‌లు చేశాడు. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ఏటా ఉత్తమ జట్టును ఎంచే ఆల్‌ప్రో ఓటింగ్‌లో అతను డిఫెన్సివ్ ఎండ్‌గా, అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్‌గా, రెండు స్థానాల్లోనూ మొదటి జట్టుకు ఎంపికయ్యాడు. ఒకే ఏడాది రెండు స్థానాల్లో అలా రావడం అదే మొదటిసారి. ఓట్లు చీలినా గెలిచేంతగా ఉండబట్టి అతనికి అది గౌరవమైంది. మీ లీగ్‌లో ఓట్లు అంతగా ఉండవు కాబట్టి నష్టమే అవుతుంది. 2016 నుంచి ఏపీ తన జట్టులో ఎడ్జ్ రషర్ (అంచునుంచి దూసుకెళ్లేవాడు), ఇంటీరియర్ లైన్‌మన్ (లైన్ మధ్యలో ఆడేవాడు) అనే స్థానాలు పెట్టుకుంది. మీరూ అదే చేయాలి.

తనిఖీకి పది నిమిషాలు చాలు. శాక్‌ల పట్టికలో మొదటి 15 మందిని తీసుకుని, ఒక్కొక్కరి పక్కన బ్యాలెట్ స్థానం రాయండి. రెండు రకాల లేబుళ్లు కలిసి కనబడితే చీలిక ఉన్నట్టే. తర్వాత ఒక్కొక్క పేరును బ్యాలెట్‌లోని అన్ని పేజీల్లో వెతకండి. ఒక పేరు రెండు చోట్ల తగిలిందంటే సీజన్ మధ్యలో ఎవరో అతని స్థానం మార్చారు, పాత వరస చెరిగిపోలేదు. ఇది ట్రేడ్ అయిన (వేరే జట్టుకు మారిన) ఆటగాళ్లలో ఎక్కువ: కొత్త ఓనర్ 3-4 ఆడతాడు, వచ్చీరాగానే ఎండ్‌ను లైన్‌బ్యాకర్‌ చేసేస్తాడు.

ఓటింగ్ మొదలుకాక ముందైతే పరిష్కారం తేలిక. రోస్టర్ లేబుల్ పక్కన పెట్టి, పనిని బట్టి ఐదు పేజీలు చేయండి: ఎడ్జ్, ఇంటీరియర్ లైన్, లైన్‌బ్యాకర్, కార్నర్‌బ్యాక్, సేఫ్టీ (అందరికన్నా వెనక కాపు కాసేవాడు). ఎవరు ఎడ్జ్ అన్నది తేల్చడానికి పాస్ ఆటల్లో అతను ఎన్నిసార్లు రష్ చేశాడు, ఎన్నిసార్లు కవరేజ్‌లోకి (పాస్ అందుకునేవాళ్లను కాయడానికి) వెళ్లాడు అన్నది చూడాలి. సగానికి మించి రష్ చేసి, స్నాప్‌కు (ఒక్కో ప్లేలో బంతి ఆటలోకి వచ్చే క్షణం) ముందు, ఎదుటి లైన్ చివర ఉండే టాకిల్ అనే ఆటగాడికి బయట నిలబడేవాడైతే ఎడ్జ్. మీ ఆట ఆ వివరం ఇవ్వకపోతే అతని మీదికి వేసిన పాస్‌ల సంఖ్య చూడండి. సీజనంతా 900 స్నాప్‌లు ఆడి, అతని కవరేజ్ మీదికి పది పాస్‌లు కూడా రాలేదంటే అతను లైన్‌బ్యాకర్ పని చేయడంలేదు. 3-4 ఎండ్‌లను నోస్ టాకిల్‌తో (లైన్ నడుమ ఆడేవాడు) కలిపి ఇంటీరియర్ లైన్‌లో వేయండి. వాళ్లు పోటీపడాల్సింది అక్కడే.

ఓటింగ్ ముగిశాక బయటపడితే జాగ్రత్త. రెండు పేజీల్లో వచ్చిన ఓట్లు కూడేసి ఫలితం ప్రకటించడం అందరూ చేసే తప్పు. ఒకే ఓనర్ రెండు పేజీల్లోనూ అతని పేరే రాసి ఉండొచ్చు. పై ఉదాహరణలో 10, 9 కలిపి 19 అనిపిస్తుంది. అందులో ఐదుగురు రెండు చోట్లా రాసి ఉంటే నిజంగా అతనికి ఓటేసినవాళ్లు 14 మందే. పైగా ఫిర్యాదు వచ్చిన ఒక్కడి ఓట్లు కలిపి, మిగతా రషర్ల ఓట్లు కలపకపోతే అది ఇంకో అన్యాయం. అందరివీ కలిపితే ఎన్ని స్థానాలు ఎడ్జ్‌కు, ఎన్ని లైన్‌బ్యాకర్లకు అన్న లెక్కే మారిపోతుంది. కాబట్టి ఎండ్, ఇంటీరియర్, లైన్‌బ్యాకర్ పేజీలను రద్దు చేసి, ఆ మూడింటికే కొత్త పేజీలతో 48 గంటల గడువిచ్చి మళ్లీ ఓటేయించండి. కార్నర్‌లు, సేఫ్టీల ఫలితాలు కదపకండి.

వచ్చే సీజన్‌కు ఒక నిబంధన రాసి పెట్టుకోండి. బ్యాలెట్ స్థానాలు ఓటింగ్‌కు రెండు వారాల ముందు ఖాయమవుతాయి, ఆ తర్వాత రోస్టర్‌లో ఏం మార్చినా బ్యాలెట్ మారదు. కొన్ని ఆటల్లో స్థానం మారిస్తే ఆటగాడి మొత్తం రేటింగ్ కూడా మారుతుంది. పోటీ తక్కువున్న పేజీలోకి తన ఆటగాడిని చివరి వారంలో జరిపే తెలివైన ఓనర్ ప్రతి లీగ్‌లోనూ ఒకడుంటాడు.

లక్షణం: లైన్‌బ్యాకర్లంతా ఓడిపోయే జట్ల నుంచే వచ్చారు

కారణం ట్యాకిళ్ల (బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టడం) మొత్తం. అఫెన్స్ బంతిని నిలబెట్టుకోలేని జట్టులో డిఫెన్స్ ఎక్కువసేపు మైదానంలో ఉంటుంది, ట్యాకిళ్లు పోగుపడతాయి. 1,100 స్నాప్‌లలో 142 ట్యాకిళ్లు చేసినవాడికి వంద స్నాప్‌లకు 12.9. 780 స్నాప్‌లలో 110 చేసినవాడికి 14.1. మొత్తం మాత్రమే చూపిస్తే ఓటు మొదటివాడికి పడుతుంది. బ్యాలెట్‌లో స్నాప్‌లు, వంద స్నాప్‌లకు ట్యాకిళ్లు, లైన్ (ప్లే మొదలయ్యే గీత) వెనక చేసిన ట్యాకిళ్లు మూడూ పెట్టండి. రన్నింగ్ బ్యాక్ 9 గజాలు పరిగెత్తాక పట్టుకున్నా, లైన్ దగ్గరే పడగొట్టినా మొత్తంలో రెండూ ఒకటే. ఆ మూడో వరస ఉంటే తేడా తెలుస్తుంది.

మీ షీట్ అసిస్ట్‌ను (ఇంకొకరితో కలిసి చేసిన ట్యాకిల్) పూర్తి ట్యాకిల్‌గా లెక్కిస్తోందా, సగంగానా అన్నది కూడా ఒకసారి చూడండి. పంచుకున్న శాక్‌కు ఇద్దరికీ చెరో 0.5 వస్తుంది. శాక్‌ల వరసను పూర్ణసంఖ్యలుగా పెట్టి ఉంటే షీట్ దాన్ని ఒకటిగా చూపిస్తుంది, లేదా మింగేస్తుంది.

ఓనర్లు స్వయంగా కంట్రోలర్ పట్టి ఆడే లీగ్ అయితే ఇంకో సంగతి. ఓనర్ తన చేత్తో నడిపే లైన్‌బ్యాకర్‌కో సేఫ్టీకో ట్యాకిళ్లు ఊరికే పెరుగుతాయి. దానికి సరైన లెక్క లేదు, బ్యాలెట్‌లో పేరు పక్కన ఒక గుర్తు పెడితే చాలు. ఆడిన ఆటలు, కంప్యూటర్ వేగంగా తేల్చేసిన ఆటలు కలిసి ఉంటే ఎవరికి ఎన్ని ఆడినవో కూడా రాయండి. రెండింటిలో గణాంకాలు ఒకేలా పుట్టవు.

లక్షణం: మంచి కార్నర్‌బ్యాక్‌కు ఓట్లే పడలేదు

ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పాస్‌ను తానే పట్టేయడం) ఒక్కటే చూపించారు కాబట్టి. 105 పాస్‌లు తన మీదికి వస్తే 6 పట్టి, 68 పూర్తికానిచ్చి, 890 గజాలు ఇచ్చినవాడు ఒక్కో పాస్‌కు 8.5 గజాలు ఇస్తున్నాడు. 52 పాస్‌లే వచ్చి, 24 పూర్తికానిచ్చి, 290 గజాలు ఇచ్చినవాడు 5.6. రెండోవాడి ఖాతాలో ఇంటర్‌సెప్షన్ ఒకటే ఉండొచ్చు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ అటు విసరడమే మానేస్తే అతను పట్టేదేముంది? వచ్చిన పాస్‌లు, పూర్తయినవి, ఇచ్చిన గజాలు, అడ్డుకున్న పాస్‌లు, నాలుగు వరసలూ పెట్టండి. కనీసం 400 కవరేజ్ స్నాప్‌లు అన్న గీత గీయకపోతే నాలుగు ఆటలు ఆడిన మూడో కార్నర్ ఒక్కో పాస్ లెక్కలో అందరికన్నా పైకి వచ్చి కూర్చుంటాడు. అయితే జోన్ కవరేజ్‌లో (మనిషిని కాక మైదానంలో ఒక భాగాన్ని కాయడం) కొన్ని ఆటలు తప్పును దగ్గరున్నవాడి మీద వేస్తాయి, కాబట్టి అర గజం తేడాను పట్టించుకోకండి.

మిగతావి

ఒకే జట్టు నుంచి నలుగురైదుగురు వచ్చారంటే ఓనర్లు సొంతవాళ్లకు వేసుకున్నారు. సొంత జట్టుకు ఓటు నిషేధించండి, లేదా బ్యాలెట్ మొత్తానికి ఒక్కటే అనుమతించండి.

ఓట్లు సమానంగా వస్తే ఏం చేయాలన్నది ఓటింగ్‌కు ముందే రాసి ఉండాలి. 2022 నుంచి ఏపీ మొదటి జట్టు ఓటుకు 3, రెండో జట్టు ఓటుకు 1 పాయింటు ఇస్తోంది. ఆ పద్ధతి పెట్టుకుంటే సమానాలు బాగా తగ్గుతాయి.

సంఖ్యలు ఆటలో ఒకటి, షీట్‌లో ఒకటి ఉంటే ఏ వారం దించుకున్నారో చూడండి. ప్లేఆఫ్‌ల గణాంకాలు కలిసిపోవడం కూడా ఇందులోకే వస్తుంది.

ఇక ఆట సాఫ్ట్‌వేర్ శాక్‌లను రెట్టింపు చేసిందని, ఎవరో ఫారంలోకి చొరబడ్డారని వచ్చే సిద్ధాంతాలకు ఒక్కటే జవాబు: ఒక ఆట బాక్స్ స్కోరు (ఆ ఆట గణాంకాల పట్టిక) తీసి, అందులోని శాక్‌లను ఎదుటి క్వార్టర్‌బ్యాక్ శాక్ అయిన సంఖ్యతో పోల్చండి. రెండూ సరిపోతే అక్కడితో వదిలేసి బ్యాలెట్ పేజీల దగ్గరికి తిరిగి వెళ్లండి.