పాత వర్క్‌స్టేషన్‌తో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయొచ్చా? డబ్బు పెట్టే ముందు ఇలా చూసుకోండి

"అన్నా, జెడ్440 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, పద్నాలుగు కోర్లట, ముప్పై రెండు జీబీ ర్యామట, తీసేసుకోమంటావా?" ఈ మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యే ముందు ఇదే ప్రశ్న ముగ్గురు అడిగారు. ముగ్గుర్నీ నేను అడిగింది ఒకటే. నీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డ్ చేస్తుంది? దాటవేస్తున్నాననుకున్నారు. కానీ సమాధానం సగం అక్కడే ఉంది.

ముందు మనం ఏ మెషిన్ల గురించి మాట్లాడుతున్నామో చెప్తాను. హెచ్‌పీ జెడ్420, జెడ్440, డెల్ ప్రెసిషన్ టీ5810 లాంటివి. పెద్ద కంపెనీలు ఇంజినీరింగ్ డిజైన్ల కోసం కొని, కొన్నేళ్లు వాడి, ఒకేసారి వందల్లో వదిలేసిన డబ్బాలు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ వైపు వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా వరసగా కనిపిస్తాయి. ఇనుప బాడీ, ఎనిమిది ర్యామ్ స్లాట్లు, లోపల చెయ్యి తిప్పుకునేంత చోటు. పట్టుకుంటే బరువుగా ఉంటుంది కాబట్టి మనకు నమ్మకం కలుగుతుంది, అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. నా దగ్గరా ఒక జెడ్440 ఉంది, ఆరేళ్లుగా దాని మీదే పెళ్లిళ్లు కట్ చేస్తున్నాను. అంటే నేను ఈ మెషిన్లకు శత్రువును కాను.

మన కెమెరాలు వీడియోను కుదించి హెచ్.264, హెచ్.265 అనే ఫార్మాట్లలో ఇస్తాయి, ఆ ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ, మిగతా ఫ్రేములన్నిటికీ "పక్కవాటితో పోలిస్తే ఇది మారింది" అనే లెక్క మాత్రమే ఉంటుంది. టైమ్‌లైన్ మీద మధ్యలో ఎక్కడ క్లిక్ చేసినా కంప్యూటర్ వెనక్కి వెళ్లి ఆ లెక్కంతా విప్పుకుంటూ రావాలి. మామూలు ఇంటెల్ ఐ5లో అయితే ఈ పని కోసమే క్విక్ సింక్ అని ఒక చిన్న ఇంజిన్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉంటుంది. ఈ పాత వర్క్‌స్టేషన్లలో వచ్చే జియాన్ ఈ5 ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్సే లేదు, అందుకని క్విక్ సింకూ లేదు. పద్నాలుగు కోర్లు ఉన్నా గ్రాఫిక్స్ కార్డు ఆదుకోకపోతే మొత్తం చాకిరీ ఆ కోర్లే చేయాలి.

అది ఎలా కనిపిస్తుందంటే, జీలకర్ర బెల్లం సీన్ తీసుకోండి. మూడు కెమెరాలు: మండపం మొత్తం పట్టే ట్రెడిషనల్ ఒకటి, అమ్మాయి ముఖం మీద క్యాండిడ్ ఒకటి, అబ్బాయి వైపు ఇంకొకటి. మల్టీక్యామ్‌లో మూడూ ఒకేసారి ఆడాలి. పంతులుగారు ముహూర్తం చెప్తారు, గట్టిమేళం మొదలవుతుంది, చేతులు తల మీదికి వెళ్తాయి, తెర దిగుతుంది. నేను కొన్న కొత్తలో, పాత కార్డు మీద, గట్టిమేళం సౌండ్ మాత్రం హాయిగా వస్తోంది కానీ బొమ్మ తెర దగ్గరే ఆగిపోయింది, మళ్లీ కదిలేసరికి అక్షింతలు పడిపోతున్నాయి. మధ్యలో ఉన్న ఆ ఒక్క చూపు ఏ ఫ్రేములో ఉందో వెతకడానికి బాణం మీట నొక్కుకుంటూ పావుగంట కూర్చున్నాను. ఎక్కడ కట్ చేయాలో కంటితో కాకుండా అంచనాతో చేయాల్సి వస్తే అది ఎడిటింగ్ కాదు, గుడ్డి లెక్క.

కాబట్టి మొదటి పని. మీడియాఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అది వేసుకుని మీ కెమెరా క్లిప్ ఒకటి అందులో తెరవండి. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) పేరు, బిట్ డెప్త్ (రంగుకు ఎన్ని మెట్లు), క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు వివరం ఎంత ఉంచుతుంది) అనే మూడు లైన్లు చూడండి. 8 బిట్, 4:2:0 అని ఉంటే, అంటే సోనీ ఏ7 త్రీ లాంటి కెమెరా 4కే ఫుటేజ్ అయితే, కాస్త మంచి ఎన్విడియా కార్డుతో పాత మెషిన్ బాగానే లాగుతుంది. 10 బిట్, 4:2:2 అని కనిపిస్తే, ఏ7 ఫోర్‌లో చాలామంది పెట్టుకునేది ఇదే, అప్పుడు ఆగండి. ఆ ఫార్మాట్‌ను ఎన్విడియా కార్డులు హార్డ్‌వేర్‌లో విప్పడం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. అంతకుముందు కార్డు ఎంత ఖరీదైనదైనా ఈ ఒక్క పనికి అక్కరకు రాదు, భారం తిరిగి జియాన్ మీదే పడుతుంది.

రెండోది ప్రాసెసర్ పేరు. చివర వీ3 లేదా వీ4 ఉందో లేదో చూడండి. జెడ్440, టీ5810లలో వచ్చేవి ఇవే. జెడ్420లో వచ్చేవి అంతకు ముందు తరం, వాటిలో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సెట్ లేదు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో కొత్త వెర్షన్లకు అది తప్పనిసరి. సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో చూస్తే తెలిసిపోతుంది. అంతెందుకు, జెడ్420 ఎంత చవగ్గా ఇచ్చినా ఇప్పుడు కొత్తగా కొనొద్దు, నా మాట ఇంతే. వీ3, వీ4లలో ఏవీఎక్స్2 ఉంది, కాకపోతే ప్రీమియర్ తయారుచేసే అడోబీ అధికారికంగా చెప్పేది ఇంటెల్ ఆరో తరం నుంచి, కాబట్టి రేపు ఏదైనా అప్‌డేట్‌తో ఇబ్బంది వస్తే అడిగే దిక్కు ఉండదని తెలిసే దిగాలి.

కోర్ల లెక్క చెప్పి అమ్ముతారు, దానికి పడిపోవద్దు. ఈ5-2680 వీ4లో పద్నాలుగు కోర్లున్నాయి, కానీ మూల వేగం 2.4 గిగాహెర్ట్జ్. ఈ5-1650 వీ4లో కోర్లు ఆరే, వేగం మాత్రం 3.6, అవసరమైతే 4 దాకా వెళ్తుంది. రాత్రంతా ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకునే పనికి మొదటిది మేలు. కూర్చుని కట్ చేసేటప్పుడు క్లిక్ చేయగానే స్పందించాలంటే రెండోదే హాయి. మన పనిలో కూర్చునే గంటలే ఎక్కువ.

ఇక గ్రాఫిక్స్ కార్డు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, నేనూ పోయాను. ఆన్‌లైన్‌లో ఒకతను "ప్రొఫెషనల్ కార్డు సార్, క్వాడ్రో" అని కే2200 పెట్టి, దానికి విడిగా నాలుగు వేలు లెక్కేసి అమ్మాడు. పేరు పెద్దది నిజమే. కానీ అందులో ఉన్నది 4 జీబీ మెమరీ, పైగా అది హెచ్.265ను హార్డ్‌వేర్‌లో విప్పలేదు. డ్రోన్ ఫుటేజ్ టైమ్‌లైన్ మీద వేసిన రోజు తెలిసింది, ఫోన్ చేస్తే అప్పటికే నంబరు మారిపోయింది. కే620, కే2200 వస్తే వాటికి విలువ కట్టకుండా బేరం ఆడండి, అవి డిస్‌ప్లే రావడానికి తప్ప మన పనికి రావు. దాని బదులు జీటీఎక్స్ 1660 సూపర్, లేదా 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 చూడండి.

అయితే కార్డు కొనేముందు పవర్ సప్లై చూడాలి. వీటిలో పవర్ సప్లై మామూలు అసెంబుల్డ్ కంప్యూటర్‌లోది కాదు, కనెక్టర్లే వేరు, పాడైతే బజార్లో దొరికేది తెచ్చి పెట్టడం కుదరదు. జెడ్440లో 700 వాట్లది ఉందా, తక్కువదా అని పక్కన స్టిక్కర్ మీద చదవండి. కార్డుకు ఎనిమిది పిన్నుల కనెక్టర్ కావాల్సి ఉండి లోపల ఆరు పిన్నులదే ఉంటే, రోడ్డు పక్కన యాభై రూపాయల కన్వర్టర్ కొని తగిలించకండి, వైరు కాలిన వాసన నేను చూశాను. ఆ తంటా అంతా వద్దనుకుంటే 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 ఉంది, 70 వాట్లే, విడిగా పవర్ వైరే అక్కర్లేదు.

కార్డు పెట్టాక నిజంగా పనిచేస్తోందో లేదో చూడటం తేలిక. టైమ్‌లైన్ ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కితే వీడియో డీకోడ్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది. అది కదులుతూ ఉంటే కార్డు ఫైళ్లు విప్పుతోందని. అది సున్నా దగ్గర పడుకుని, సీపీయూ మాత్రం తొంభై దాటుతుంటే, కార్డు చూస్తూ కూర్చుందని. ప్రీమియర్ బదులు డావిన్సీ రిజాల్వ్ వాడేవాళ్లు తాము వాడే వెర్షన్‌లోనే ఈ పరీక్ష చేసుకోవాలి, ఉచితదానికీ డబ్బు పెట్టి కొనే స్టూడియోకూ ఈ విషయంలో తేడాలున్నాయి. ఎడియస్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు ఇంకో మాట: పాత ఎడియస్ వెర్షన్లు హెచ్.264 వేగంగా ఎక్స్‌పోర్ట్ చేయడానికి క్విక్ సింక్ మీదే ఆధారపడతాయి, జియాన్‌లో అది లేదు కాబట్టి పక్కవాడి ఐ5లో అరగంటలో అయ్యే ఫైల్ మీ "పెద్ద మెషిన్"లో ఎందుకు ఆలస్యమవుతోందో అర్థం కాక తల పట్టుకుంటారు.

డిస్క్ విషయంలో చిన్న లెక్క. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీసిన 4కే ఫుటేజ్ గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు, తలా నాలుగు గంటలు అంటే 540 జీబీ. మామూలు హార్డ్ డిస్క్ ఒక ఫైలు వరసగా చదవడానికి చాలు కానీ, మల్టీక్యామ్‌లో మూడు ఫైళ్ల మధ్య దాని సూది అటూ ఇటూ పరిగెత్తాల్సి వస్తే చతికిలబడుతుంది. విండోస్‌కు ఒక సాటా ఎస్ఎస్‌డీ, ఇప్పుడు చేస్తున్న పెళ్లికి ఒక టెరాబైట్ ఎన్‌వీఎంఈ డ్రైవ్ (ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీ రకం). దానికి మదర్‌బోర్డులో చోటు లేకపోతే పీసీఐఈ స్లాట్‌లో పెట్టే చిన్న అడాప్టర్ కార్డు దొరుకుతుంది. అయిపోయిన పెళ్లిళ్లు హార్డ్ డిస్క్‌లోకి, ఇంకో కాపీ బయట ఇంకో డిస్క్‌లోకి. అమ్మినవాడు మెషిన్‌తో పాటు ఇచ్చిన డిస్క్‌ను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో పెట్టి ఎన్ని గంటలు తిరిగిందో చూడండి, చూశాక అందులో ఎవరి తలంబ్రాలూ దాచబుద్ధి కాదు.

ర్యామ్ ఈ మెషిన్లకు వరం. జెడ్440, టీ5810లలో పట్టేది సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ఈసీసీ రకం కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. 32 ఒకే స్టిక్‌గా కాకుండా ఎనిమిదివి నాలుగు పెట్టండి, ప్రాసెసర్ మెమరీకి ఉన్న నాలుగు దారులూ వాడుకుంటుంది. మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ వీటితో కలపొద్దు.

షాపులో ఉన్నప్పుడే చేయాల్సిన పని ఒకటుంది, మొహమాటపడకండి. పెన్‌డ్రైవ్‌లో మీ సొంత ఫుటేజ్ తీసుకెళ్లండి. డెమో క్లిప్ కాదు, మీ పెళ్లిదే. దాన్ని ముందు మెషిన్‌లోకి కాపీ చేసుకోండి, లేకపోతే పెన్‌డ్రైవ్ నెమ్మదిని మెషిన్ మీదికి నెడతారు. మూడు క్లిప్పులు మల్టీక్యామ్‌లో వేసి ఆడించండి, ఆ తర్వాత ఇరవై నిమిషాల ఎక్స్‌పోర్ట్ పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వేడి చూడండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసిన పదేళ్ల నాటి థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది, వేడి ఎక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పేస్ట్ మార్పించి, బయోస్ బ్యాటరీ కూడా కొత్తది వేయించండి. బయట టీ తాగి రమ్మంటే వద్దనండి, అక్కడే నిలబడండి.

విండోస్ గురించి టెన్షన్ ఉండాల్సిందే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది, విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ జియాన్లు లేవు. అడ్డదారిలో 11 వేసిచ్చేవాళ్లున్నారు, నడుస్తుంది, ఏదో ఒక అప్‌డేట్‌కు ఏమవుతుందో మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు. నేనైతే ఎడిటింగ్ మెషిన్‌లో బ్యాంకు లావాదేవీలు, ఈమెయిల్ పెట్టుకోను, ముహూర్తాల సీజన్‌లో అప్‌డేట్లు ముట్టను.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. పనిలో ఉన్నప్పుడు సగటున 250 వాట్లు అనుకుంటే రోజుకు పది గంటలకు రెండున్నర యూనిట్లు, నెలకు 75. ఇంటి కనెక్షన్ మీదే నడిపేవాళ్లకు ఇది స్లాబు మార్చేస్తుంది. యూపీఎస్ కూడా కంప్యూటర్‌తో పాటు వచ్చే చిన్నది సరిపోదు.

ఇప్పటికే పాత మెషిన్ ఉండి, కెమెరా 4:2:2కు మారినవాళ్లకు రెండు దారులు. ఒకటి ప్రాక్సీలు, అంటే కట్ చేయడానికి మాత్రమే వాడే తేలికపాటి నకళ్లు. రాత్రి ఫుటేజ్ దించి, అన్ని క్లిప్పులకూ 1080 సైజులో ప్రోరెస్ అనే ఫార్మాట్ ప్రాక్సీ తయారీకి పెట్టి పడుకోండి. 25 ఫ్రేముల్లో గంటకు సుమారు 17 జీబీ అవుతుంది. పొద్దున లేచేసరికి టైమ్‌లైన్ వెన్నలా కదులుతుంది, ఎందుకంటే ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే. ఇక్కడ జియాన్ కోర్లన్నీ పనికొస్తాయి కూడా. రెండోది, కలర్ మీద పెద్దగా పని లేని ట్రెడిషనల్ కెమెరాను 8 బిట్ 4:2:0కు మార్చేసి, క్యాండిడ్ కెమెరా ఒక్కదాన్నే 10 బిట్‌లో ఉంచడం. ఎస్-లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి చప్పగా తీసే సోనీ మోడ్) తీసేది 8 బిట్‌కు దించొద్దు, గ్రేడింగ్‌లో, అంటే రంగులు దిద్దేటప్పుడు, గోడల మీద మెట్లు కనిపిస్తాయి.

రిసెప్షన్ రోజే ఎల్ఈడీ వాల్ మీద పొద్దున పెళ్లి హైలైట్స్ వేయాలనే ఆర్డర్లు మీకు ఎక్కువైతే మాత్రం ప్రాక్సీకి రాత్రే ఉండదు. అప్పుడు పాతదానికి కార్డు మీద కార్డు మార్చడం ఆపేసి, 12వ తరం ఐ5 స్థాయిలో కొత్తది కట్టించుకోండి. మోడల్ నంబరు చివర ఎఫ్ ఉన్నది వద్దు, అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, షాపువాడు వెయ్యి తగ్గుతుందని అదే అంటగడతాడు. ఆ తరం క్విక్ సింక్ హెచ్.265 4:2:2ను విప్పుతుంది, హెచ్.264 4:2:2ను విప్పదు. అందుకని సోనీలో హెచ్.264 వాడే ఎక్స్ఏవీసీ ఎస్ కాకుండా హెచ్.265 వాడే ఎక్స్ఏవీసీ హెచ్‌ఎస్ పెట్టుకోవాలి. జెడ్440ను అమ్మితే వచ్చేది పెద్దగా ఉండదు, నాదైతే మూలన పెట్టి నాలుగు డిస్కులు తగిలించి, ప్రాక్సీలకూ బ్యాకప్‌కూ వాడదామనుకుంటున్నాను. ఆ పనికి దాని ఫ్యాన్ మోత పక్క గదిలోనే ఉండిపోతుంది.