బాప్తిస్మానికి ముందు – 3వ పాఠం: తగులుబడి లెక్క

గత పాఠంలో "నేను బాప్తిస్మం ఎందుకు తీసుకోవాలనుకుంటున్నాను?" అన్న ప్రశ్నకు మీ మాటల్లో జవాబు రాశారు. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, చివర్లో దానితో పని ఉంది. ఈ వారం తగులుబడి, అంటే ఆ నిర్ణయానికి అయ్యే ఖర్చు, లెక్క వేయడం నేర్చుకుందాం.

ముందు లూకా 14వ అధ్యాయం 25 నుంచి 33 వచనాల దాకా నెమ్మదిగా చదవండి. యేసు వెంట జనం గుంపులుగా నడుస్తున్నారు. ఆయన వాళ్లవైపు తిరిగి, గోపురం కట్టాలనుకునేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగాడు. పునాది వేసి ఆపేస్తే చూసినవాళ్లంతా ఎగతాళి చేస్తారని కూడా చెప్పాడు. పిలిచినవాడే లెక్క చూసుకోమన్నాడు కాబట్టి, ఇలా ఆలోచించడం అవిశ్వాసమని ఎవరైనా అంటే టెన్షన్ పడకండి.

"మరి అపొస్తలుల కార్యాల్లో అప్పటికప్పుడు తీసుకున్నారు కదా?" అని అడుగుతారు. నిజమే. 8వ అధ్యాయంలో ఐతియోపీయుడు దారిలో నీళ్లు కనబడగానే రథం ఆపించాడు. కానీ అతను ఆరాధించడానికి యెరూషలేము దాకా వెళ్లి, తిరుగుదారిలో యెషయా గ్రంథం చదువుకుంటున్న మనిషి. 16వ అధ్యాయంలో ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే తీసుకున్నాడు. అయితే ముందు అతనికీ ఇంట్లోవాళ్లందరికీ వాక్యం బోధించారు. తర్వాతి శతాబ్దాల్లో కొన్ని సంఘాలు మూడేళ్ల దాకా నేర్పించేవి. ఒక్క రాత్రి పట్టినా, మూడేళ్లు పట్టినా, నీళ్లలో దిగే మనిషికి తాను దేనికి ఒప్పుకుంటున్నాడో తెలిసి ఉండాలి.

ఇక అభ్యాసం. నోట్‌బుక్‌లో ఒక పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు "ఏం మారుతుంది", కుడివైపు "ఆ భారం ఎవరి మీద పడుతుంది" అని పైన రాయండి. చాలామంది కుడివైపు పొడుగునా "నా మీదే" అని నింపేస్తారు. లెక్క తప్పేది అక్కడే.

ఉదాహరణకు పల్నాడులో ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. ఇంటికి పెద్ద కొడుకు. ఎస్సీ సర్టిఫికెట్ మీద గ్రూప్-2కి చదువుతున్నాడు. పెళ్లయింది, భార్యకు ఇంకా నమ్మకం కుదరలేదు. అతను ముందుగా మందు మానేయాలి, ఆదివారం ఆరాధనకు వెళ్లాలి అని రాస్తాడు. అవి తేలిక. కాసేపు అలాగే కూర్చుంటే అసలువి బయటికొస్తాయి. నాన్న పోతే తలకొరివి ఎవరు పెడతారు? పెద్దలకు పెట్టుకునే రోజు ఇంట్లో ఉంటే ఏం చేయాలి? అమ్మ గుడి నుంచి తెచ్చి చేతిలో పెట్టే ప్రసాదం మాటేమిటి? (ఈ చివరి ప్రశ్నకు 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు విడిగా చదవాలి.) తలకొరివికి ఎదురుగా, కుడివైపు, "నాన్న" అని రాయాలి. కొడుకు నీళ్లలో దిగిన రోజు నుంచీ ఆ బెంగ మోసేది ఆయనే.

తర్వాత కాగితాల సంగతి. బాప్తిస్మపు క్లాసుల్లో చాలాచోట్ల దీన్ని ఎత్తరు, ఎత్తాలని నేను గట్టిగా అంటాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి చూస్తే, ఎస్సీ హోదాను హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లకే ఇస్తుంది. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు, వాళ్ల సంతానం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సీ కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే బీసీ-సీకి 1 శాతం. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. ఈ ఉత్తర్వు అన్యాయమనే నా నమ్మకం, అయినా అమల్లో ఉన్నది అదే. సర్టిఫికెట్‌లో ఒకలా, సంఘంలో ఒకలా ఉండిపొమ్మని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. అలా చేస్తే సాక్ష్యం అబద్ధంతో మొదలవుతుంది, ఎవరు ఎప్పుడు ఫిర్యాదు చేస్తారోనన్న భయం ఉద్యోగం ఉన్నంతకాలం వెంటాడుతుంది.

ఆస్తి విషయం కూడా రాయండి. మతం మారినంత మాత్రాన అతనికి తండ్రి ఆస్తిలో వారసత్వం పోదు. కానీ 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తి వారసత్వంగా రాదు. ఆ బంధువు చనిపోయే నాటికి పిల్లలు హిందువులై ఉంటే తప్ప. 1955 హిందూ వివాహ చట్టం కింద, మతం మారడం భార్య విడాకులు అడగడానికి ఒక కారణం అవుతుంది. ఆమె అడుగుతుందని కాదు. ఆమెకు తెలియకుండా ఈ అడుగు వేయకూడదని.

ఇప్పుడు పేజీని మళ్లీ పైనుంచి చదువుతూ, క్రీస్తు అడిగినవాటి పక్కన చుక్క పెట్టండి. మీ సంఘం కట్టడిగా పెట్టినవాటి చుట్టూ సున్నా చుట్టండి. బొట్టు, పూలు, నగలు తీసేయాలా, దశమభాగం తప్పనిసరా, పక్క సంఘానికి వెళ్లొచ్చా అన్నవాటికి ఒక్కో సంఘంలో ఒక్కో జవాబు ఉంటుంది. "పాస్టర్‌గారూ, బాప్తిస్మం అయ్యాక మా ఇంట్లో ఆడవాళ్లు బొట్టు తీసేయాలంటారా?" అని ముందే, మర్యాదగా, సూటిగా అడగండి. జవాబు చెప్పడానికి ఆయన ఇబ్బంది పడితే, అది కూడా రాసుకోండి.

లూకా 14లో రెండో ఉపమానం మర్చిపోవద్దు. పదివేలమందితో ఉన్న రాజు మీదికి ఇరవైవేలమంది వస్తున్నారు. అతను ఎదిరించవచ్చు, రాయబారం పంపవచ్చు. ఊరికే కూర్చోవడం మాత్రం కుదరదు. అందుకే పేజీ తిప్పి, తీసుకోకుండా ఉండిపోతే ఏం పోతుందో కూడా రాయండి. దాని కింద మార్కు 10:29, 30లో ప్రభువు ఏమేమి ఇస్తానన్నాడో రాయండి. హింసలతో పాటు అన్న మాటను వదిలేయకండి.

చివరగా పోయిన వారం కాగితం తీసి ఈ పేజీ పక్కన పెట్టండి. "పాస్టర్‌గారు అడిగారు", "స్నేహితులందరూ తీసుకుంటున్నారు" అన్నవి తప్ప అందులో ఏమీ లేకపోతే, వచ్చే ఆదివారం పేరు ఇవ్వకండి. మత్తయి 13:44లో పొలంలో ధనం దొరికినవాడు సంతోషంతో అంతా అమ్ముకున్నాడు. అలాంటి వాక్యం ఒక్కటైనా మీ కాగితంలో ఉంటే తర్వాతి పాఠానికి రండి.

4వ పాఠం ఇంట్లో మాట ఎత్తడం గురించి. వచ్చేటప్పుడు కుడివైపు వరుసలో ఎక్కువసార్లు వచ్చిన పేరు కింద గీత గీసుకుని రండి. ముందుగా మాట్లాడాల్సింది వాళ్లతోనే.