కళ్ళజోడు నంబరు తగ్గించుకోదలచినవారు ముందుగా ఏం చేయాలి, ఏం చేయకూడదు

కళ్ళజోడు నంబరు తగ్గించుకోవచ్చునా అని అడిగేవారికి అవుననో కాదనో ఒక్కమాటలో చెప్పడం సరికాదు. కంటిలో ఉన్న దోషం వేరు, ఆ దోషానికి ఇచ్చిన అద్దం వేరు. హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే మైనస్ దోషం, ఉన్నవారిలో సాధారణంగా కనుగుడ్డు ముందు నుంచి వెనుకకు కొంత పొడవుగా పెరిగి ఉంటుంది. పెద్దవారిలో ఆ పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు ఉండాలి. అది ఒక్క మిల్లీమీటరు పెరిగితే దాదాపు రెండున్నర నుంచి మూడు వరకు మైనస్ పవరు వస్తుంది. అలా పెరిగిన కనుగుడ్డును ఏ వ్యాయామమూ, ఏ ఆకుకూరా, ఏ కషాయమూ తిరిగి కుదించలేవు. అయితే అద్దం మాత్రం కంటికి నిజంగా కావలసినదానికంటే ఎక్కువగా ఉండవచ్చు, లేదా రోజంతా చేసే దగ్గరి పనికి అవసరమైనదానికంటే ఎక్కువగా ఉండవచ్చు. పెద్దవారిలో నంబరు తగ్గించడానికి అర్థం ఉన్నది ప్రధానంగా ఈ రెండు సందర్భాలలోనే. ఇక్కడ చెప్పే పద్ధతి అంతా వాటికి సంబంధించినదే.

ముందుగా సరైన పరీక్ష

కళ్ళద్దాల దుకాణంలో యంత్రం ముందు గడ్డం ఆనించి తీయించుకున్న చీటీ ఒక్కటే దీనికి ఆధారం కాకూడదు. వయసులో ఉన్నవారి కన్ను యంత్రంలోని బొమ్మను చూసేటప్పుడు దగ్గరి వస్తువును చూస్తున్నట్టు బిగుసుకుంటుంది. ఆ బిగువు కూడా మైనస్ నంబరుగా లెక్కలో చేరిపోతుంది. పోటీ పరీక్షలకు రోజుకు పది గంటలు చదివే విద్యార్థులలో ఇది తరచుగా కనిపించే విషయం. అందుకే కనుపాపను పెద్దదిగా చేసి, లోపలి కండరాన్ని సడలించే చుక్కల మందు వేసి పరీక్షించమని వైద్యుణ్ణి స్వయంగా అడగాలి. తిరుపతిలోని రుయా ఆసుపత్రి కంటి విభాగానికి వెళ్ళినా, అరవింద్ కంటి ఆసుపత్రికి వెళ్ళినా, మరెక్కడికి వెళ్ళినా పాత చీటీలన్నీ వెంట తీసుకువెళ్ళాలి. గత రెండు మూడేళ్ళలో నంబరు ఎలా మారిందో తెలిస్తే వైద్యుని నిర్ణయం మరింత కచ్చితంగా ఉంటుంది. చుక్కలు వేసిన తరువాత కొన్ని గంటలపాటు, ఒక్కోసారి మరుసటి రోజు వరకు, దగ్గరి అక్షరాలు మసకగా ఉండి వెలుతురు గుచ్చుకుంటుంది కనుక స్కూటరు నడుపుకుంటూ వెళ్ళకుండా ఎవరినైనా తోడు తీసుకువెళ్ళడం మంచిది.

మధుమేహం ఉన్నవారు చక్కెర అదుపులోకి వచ్చి కొన్ని వారాలు గడిచాకే నంబరు తీయించుకోవాలి. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంటి కటకం ఉబ్బి పవరు తాత్కాలికంగా మారుతుంది. ఆ రోజుల్లో చేయించుకున్న జోడు తరువాత పనికిరాకుండా పోతుంది.

మరొక చిన్న విషయం. ఎక్కువ మైనస్ నంబరు ఉన్న జోడు ముక్కు మీద జారితే దాని బలం తగ్గుతుంది. మైనస్ 6 అద్దం ఒక సెంటీమీటరు ముందుకు జారితే పావు నంబరుకు పైగా తగ్గినట్టే. కనుక నంబరు మారిందని అనుమానం వచ్చినప్పుడు ముందుగా ఫ్రేము బిగించుకుని చూడాలి. చాలామంది ఈ పని చేయకుండానే కొత్త అద్దాలకు డబ్బు పోస్తారు.

ఇంటి వద్ద కొలత

మైనస్ నంబరు ఉన్నవారు తమ దృష్టి ఎంత దూరం వరకు స్పష్టంగా ఉందో ఇంట్లోనే స్థూలంగా కొలుచుకోవచ్చు. పగటి వెలుతురులో కళ్ళజోడు తీసి, ఒక కన్ను అరచేతితో నొక్కకుండా మూసి, దినపత్రికలోని చిన్న అక్షరాలను కంటికి దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా దూరం జరపాలి. అక్షరాల అంచులు చెదరడం మొదలైన చోట ఆగి, కంటి నుంచి కాగితం వరకు ఎన్ని సెంటీమీటర్లు ఉందో టేపుతో మరొకరి చేత కొలిపించుకోవాలి. 100ను ఆ దూరంతో భాగిస్తే వచ్చేది సుమారైన నంబరు: 50 సెంటీమీటర్లకు 2, 40కి 2.5, 33కి 3, 25కి 4. సిలిండరు పవరు (కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేనప్పుడు ఇచ్చేది) ఉన్నవారికి ఈ లెక్క తప్పుతుంది. మిగిలినవారికి కూడా అసలు కంటే కొంచెం తక్కువే చూపుతుంది. కాబట్టి దీని ఆధారంగా అద్దాలు చేయించుకోకూడదు. వారానికి ఒకసారి, ఉదయం పూట, చదువు మొదలుపెట్టకముందు కొలిచి రాసుకుంటే మాత్రం తేడా ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఉపయోగపడుతుంది.

దూరపు చూపును గమనించుకోవడానికి ప్రతి ఇంట్లోనూ ఉండే తెలుగు క్యాలెండరు చాలు. తేదీ అంకెలు పెద్దవి, తిథి నక్షత్రాల అక్షరాలు చిన్నవి. ఒకే గోడ, ఒకే వెలుతురు, నేల మీద గీసిన ఒకే గీత ఉండేలా చూసుకుని ఏ వరుస వరకు చదవగలుగుతున్నారో గుర్తుపెట్టుకోవాలి.

తక్కువ పవరుకు అలవాటు పడే క్రమం

పరీక్షలో పాత అద్దం ఎక్కువగా ఉందని తేలితే, వైద్యుని సలహాతో ఒకేసారి కాకుండా 0.25 లేదా 0.50 చొప్పున తగ్గించుకోవడం సౌకర్యంగా ఉంటుంది. అద్దాలలో దొరికే అతి చిన్న అంతరం సాధారణంగా 0.25. తేడా మొత్తం 0.50 మాత్రమే అయితే ఒక్క విడతలోనే మార్చవచ్చు. ఒకటి లేదా అంతకు మించితే రెండు మూడు విడతలుగా, ఒక్కో విడతకు మూడు నాలుగు వారాల వ్యవధి ఇచ్చి మార్చడం మేలు. రెండు కళ్ళకూ ఒకే రీతిగా తగ్గించాలి, సిలిండరును, దాన్ని అమర్చే కోణమైన యాక్సిస్‌ను వైద్యుడు చెప్పనిదే కదిలించకూడదు. కొత్త జోడు పాత ఫ్రేము ఆకారంలోనే ఉంటే, ఇబ్బంది పవరు వల్ల వచ్చిందా, ఫ్రేము మారినందువల్ల వచ్చిందా అనే గందరగోళం ఉండదు.

మైనస్ పవరు తగ్గినప్పుడు వస్తువులు కొంచెం పెద్దవిగా, దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తాయి. అందువల్ల మొదటి కొన్ని రోజులు మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త అవసరం. అలిపిరి నడకదారిలో 3,550 మెట్లు ఎక్కి దిగాలన్న సంకల్పం ఉంటే కొత్త జోడు పెట్టుకున్న వారంలో ఆ నడకను వాయిదా వేసుకోవడమే మంచిది. మొదట ఇంట్లో, సెలవు రోజున ఉదయం పెట్టుకుని సాయంత్రం వరకు ఉంచుకోవాలి. మధ్యమధ్యలో పాత జోడుకు మారుతూ ఉంటే అలవాటు పడటం ఆలస్యమవుతుంది, ఒక్క రోడ్డు మీద వాహనం నడిపే సమయం తప్ప. తలనొప్పి, కళ్ళు లాగినట్టు ఉండటం వారం లోపు సద్దుమణగాలి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే పట్టుదలకు పోకుండా వైద్యుని వద్దకు తిరిగి వెళ్ళాలి.

ఈ దశలో ఎక్కువమంది ఒక విషయంలో పొరబడతారు. మసకను కొంతసేపు చూస్తూ ఉంటే మెదడు దానికి సర్దుకుని, అదే మసకలోంచి ఇంకొన్ని అక్షరాలను పోల్చుకోగలుగుతుంది. క్యాలెండరులో మరో వరుస చదవగలగడం చూసి కన్నే బాగుపడిందని అనుకోకూడదు. యంత్రంతో కొలిస్తే నంబరు మారి ఉండదు. 1920 ప్రాంతంలో న్యూయార్క్ వైద్యుడు విలియం బేట్స్ ప్రచారం చేసిన కంటి వ్యాయామాలకు మంచి పేరు రావడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో ఆ పద్ధతిని నేర్పే పాఠశాల ఉన్నందున దక్షిణాదిలో దాని పేరు విన్నవారు చాలామందే ఉంటారు. కంటి చూపును సర్దేది కనుగుడ్డు బయటి కండరాలేనని బేట్స్ భావించారు. నిజానికి ఆ పని చేసేది లోపలి కటకం, దాని చుట్టూ ఉన్న కండరం. ఆయన చెప్పిన వాటిలో అరచేతులతో కళ్ళు కప్పుకుని కూర్చోవడం హాయినిస్తుంది, దానివల్ల నష్టం లేదు. సూర్యుని వైపు చూడటం మాత్రం కంటి వెనుక భాగంలో బొమ్మ పడే పొర అయిన రెటీనాను శాశ్వతంగా కాల్చివేయగలదు. ఉదయపు సూర్యుడైనా సరే దాని జోలికి పోకూడదు.

వాహనం నడిపేవారికి నియమం స్పష్టంగా ఉంది. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఇచ్చే వైద్య పత్రంలో, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి మోటారు వాహనం నంబరు ప్లేటును గుర్తించగలరా అన్న ప్రశ్న ఉంటుంది. కొత్త జోడుతో ఆ దూరం నుంచి ప్లేటు తడబడకుండా చదవలేకపోతే ఆ జోడుతో బండి ఎక్కకూడదు. చీకటిలో కనుపాప విచ్చుకోవడం వల్ల కొందరికి మైనస్ దోషం మరికొంత పెరుగుతుంది కనుక పగలు సరిపోయిన అద్దం రాత్రి ఘాటు రోడ్డు మలుపుల్లో సరిపోకపోవచ్చు.

దగ్గరి పనికి వేరే జోడు

నా దృష్టిలో నంబరు తగ్గించడం వల్ల ఎక్కువ ప్రయోజనం పొందేవారు రోజంతా తెర ముందో, కుట్టుమిషను ముందో, లెక్కల పుస్తకం ముందో కూర్చునే పెద్దవారు. 60 సెంటీమీటర్ల దూరంలోని తెరను చూడటానికి కన్ను సుమారు 1.7 పవరు మేరకు లోపల సర్దుకోవాలి. మైనస్ 4 ఉన్న వ్యక్తి దూరపు అద్దంతోనే ఆ తెరను చూస్తే ఆ శ్రమంతా కన్నే పడుతుంది; తెర కోసం ప్రత్యేకంగా మైనస్ 3 జోడు ఉంటే అందులో చాలా భాగం తప్పుతుంది. నలభై దాటి చత్వారం మొదలైనవారికి ఈ సౌకర్యం మరింత స్పష్టంగా తెలుస్తుంది. అయితే దగ్గరి వస్తువును చూడటానికి రెండు కళ్ళు లోపలికి తిరగడంలో బలహీనత ఉన్నవారికి ఇలాంటి జోడు వల్ల కష్టం పెరగవచ్చు కనుక ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఈ జోడును బల్ల దగ్గరే ఉంచి, లేచి బయటికి వెళ్ళేటప్పుడు దూరపు జోడు పెట్టుకోవాలి.

తెర ముందు ఉన్నప్పుడు ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడమని చెబుతారు. తిరుపతిలో ఉన్నవారు ఈ విషయంలో అదృష్టవంతులు. చాలా మేడల మీద నుంచి ఉత్తరాన శేషాచలం కొండల ఎర్రని రాతి అంచులు కనిపిస్తాయి. కొండను చూస్తే నంబరు తగ్గదు, కానీ లోపలి కండరం సడలుతుంది. మామూలుగా నిమిషానికి 15 సార్లకు అటూ ఇటూగా పడే రెప్పపాటు తెర ముందు బాగా తగ్గిపోతుంది. ఎండాకాలంలో ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగిలితే కన్ను మరింత పొడిబారి చూపు మసకబారుతుంది. దాన్ని నంబరు పెరగడంగా భావించకముందు ఫ్యాను దిక్కు మార్చి, రెప్పలు నిండుగా మూసి తెరవడం అలవాటు చేసుకోవాలి.

ఆహారం, ఆయుర్వేదం, యోగం

పొన్నగంటికూర, మునగాకు, బొప్పాయి, మామిడి, గుడ్డు పచ్చసొన కంటికి మంచివన్న మాటలో నిజం ఉంది. విటమిన్ ఎ లోపిస్తే రేచీకటి వస్తుంది, నల్లగుడ్డు దెబ్బతింటుంది. ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె కూడా ఉండాలి కనుక పోపు పెట్టిన వేపుడే మేలు. ఇవన్నీ కంటి పొరలను కాపాడతాయి, అద్దం నంబరును మార్చవు.

త్రిఫల కషాయంతో ఇంట్లో కళ్ళు కడుక్కోవడం, తేనె, ఆముదం, చనుబాలు కంట్లో వేయడం మానుకోవాలి. శుభ్రత లేని ద్రవం నల్లగుడ్డు మీద పుండుకు దారి తీయవచ్చు. కంటి చుట్టూ మినపపిండితో కట్ట కట్టి ఔషధ నేతిని నింపే నేత్ర తర్పణం వంటి చికిత్స కావాలనుకునేవారు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి వంటి చోట వైద్యుల పర్యవేక్షణలోనే చేయించుకోవాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు వీటన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే ఎర్రదనం వెంటనే తగ్గినా నెలల తరబడి వాడితే నీటికాసులు (గ్లకోమా), శుక్లం రావచ్చు. నీటికాసుల వ్యాధి ఉన్నవారు శీర్షాసనం వేయకూడదు. ఆ స్థితిలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుంది.

పిల్లలకు ఈ పద్ధతి వర్తించదు

పెరిగే వయసులోని పిల్లలకు కావాలని తక్కువ నంబరు అద్దాలు ఇవ్వకూడదు. 2002లో మలేషియాలో వెలువడిన అధ్యయనంలో, అవసరమైనదానికంటే 0.75 తక్కువగా అద్దాలిచ్చిన పిల్లలకు పూర్తి నంబరు ఇచ్చిన పిల్లలకంటే హ్రస్వదృష్టి ఎక్కువగా పెరిగింది. జోడు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందని నానమ్మలు, అమ్మమ్మలు ప్రేమతోనే అంటారు, కానీ పెరిగేది కనుగుడ్డు వల్ల, జోడు వల్ల కాదు. పిల్లలకు ఉపకరించేది ఆరుబయట గడిపే సమయం. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమం అమలైంది. చిత్తూరు, తిరుపతి ఎండల్లో అంతసేపు ఎలా అన్న సందేహం సహజమే. చెట్టునీడలో ఉన్నా గదిలోకంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది కనుక వేపచెట్టు కింద ఆట కూడా లెక్కలోకే వస్తుంది. అప్పటికే నంబరు వేగంగా పెరుగుతున్న పిల్లలకు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కల గురించి, ప్రత్యేక అద్దాల గురించి వైద్యుణ్ణి అడగవచ్చు.

ఎప్పుడు ఆగాలి

అరవై దాటినవారికి చదువుకునే అద్దం లేకుండానే హఠాత్తుగా పేపరు చదవగలిగే స్థితి వస్తే సంతోషించే ముందు శుక్లం పరీక్ష చేయించుకోవాలి. కటకం మధ్యభాగం గట్టిపడినప్పుడు కన్ను మైనస్ వైపు జరిగి ఈ భ్రమ కలుగుతుంది. మైనస్ 6 దాటినవారికి రెటీనా పలచబడే అవకాశం ఎక్కువ కనుక నంబరు స్థిరంగా ఉన్నా ఏడాదికి ఒకసారి కనుపాప పెద్దది చేయించుకుని పరీక్షించుకోవాలి. నంబరు ఎంతైనా సరే, కంటి ముందు ఒక్కసారిగా నల్లని చుక్కలు ఎక్కువైనా, మెరుపులు కనిపించినా, చూపులో ఒక వైపు నుంచి తెర దిగినట్టున్నా అది రెటీనా ఊడుతున్న సూచన కావచ్చు. ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి.