డాబా మీద నుంచి ఓరియన్ నెబ్యులాను ఫోటో తీయడం

నెబ్యులాలను ఫోటో తీయాలనుకునేవారు ఓరియన్ నెబ్యులాతో మొదలుపెట్టడం మంచిది. పల్లెల్లో గొల్లకావడి అని పిలుచుకునే మూడు చుక్కలకు కొంచెం దక్షిణంగా, చీకటి ఆకాశంలో కంటికే మసక మరకలా కనిపించే ఈ వాయుమేఘం సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఫోటోకు చిక్కిన మొదటి నెబ్యులా కూడా ఇదే. 1880 సెప్టెంబర్ 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు తన సొంత వేధశాలలో 11 అంగుళాల టెలిస్కోపుతో 51 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చి దీనిని చిత్రించాడు. మనకు 80 మిల్లీమీటర్ల టెలిస్కోపు, మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా, డిసెంబర్–ఫిబ్రవరి నెలల్లో అమావాస్యకు అటూ ఇటూ వచ్చే రాత్రులు సరిపోతాయి.

మౌంటును, అంటే టెలిస్కోపును మోస్తూ చుక్కల వెంట తిప్పే యంత్రాన్ని, నిలిపే స్తంభాన్ని శ్లాబు మధ్యలో కట్టించకండి. అక్కడ ఎవరు అడుగు వేసినా ఆ అదురు చుక్కలను గీతలుగా మారుస్తుంది కనుక, కింద పిల్లరు ఉన్నచోటనే, పిట్టగోడకు తగలకుండా కట్టించాలి. పగలు ఎండకు కాగిన శ్లాబు చల్లబడేదాకా దాని మీది గాలి కదులుతూనే ఉంటుంది కాబట్టి తొందరపడకూడదు.

అసలు కష్టం ధ్రువ నక్షత్రం దగ్గర వస్తుంది, ఎందుకంటే చుక్కల వెంట సరిగా తిరగాలంటే మౌంటు అక్షాన్ని దాదాపు ఆ నక్షత్రం వైపుకే గురిపెట్టాలి. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17 డిగ్రీలు, ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. పక్కింటి నీళ్ల ట్యాంకు గానీ, దిగంతం మీది ధూళి గానీ దానిని సులభంగా కప్పేస్తుంది. అందువల్ల మౌంటు కొనేముందే దాని అక్షం అంత కిందికి దిగుతుందో లేదో, అప్పుడు టెలిస్కోపుకు సమతూకంగా ఉండే బరువుల కడ్డీ స్తంభానికి తగులుతుందో లేదో చూసుకోవాలి. ధ్రువ నక్షత్రం కనిపించకపోయినా, చుక్క ఎటు జరుగుతుందో చూసి అక్షాన్ని సరిదిద్దుకునే డ్రిఫ్ట్ పద్ధతి ఉంది. గైడింగ్ (ఒక చుక్కను చూస్తూ మౌంటు తిరుగుడును తనంతట తానే సరిదిద్దే ఏర్పాటు) ఆపి, ఉత్తర దక్షిణ రేఖను దాటుతున్న, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖకు) దగ్గరలోని చుక్కను కొన్ని నిమిషాలు గమనించండి: అది దక్షిణానికి జరిగితే అక్షం తూర్పుకు, ఉత్తరానికి జరిగితే పడమరకు తిరిగి ఉన్నట్లు. తరువాత తూర్పున ఉన్న చుక్కను గమనిస్తే, అది దక్షిణానికి జరిగినప్పుడు అక్షం దిగువకు, ఉత్తరానికి జరిగినప్పుడు ఎగువకు ఉన్నట్లు. ఈ రెండో పనికి, డిసెంబర్ చివరి సాయంత్రాల్లో తూర్పున పైకి వచ్చే గొల్లకావడి చుక్కలే చక్కగా పనికివస్తాయి, ఎందుకంటే అవి దాదాపు ఖగోళ మధ్యరేఖ మీదే ఉన్నాయి. ఈ పనికి ఒక రాత్రి మొత్తం పట్టినా విచారించనవసరం లేదు. స్తంభం కదలదు కాబట్టి ఆ శ్రమ సీజన్ అంతా ఉపయోగపడుతుంది.

ఫోకస్‌కు బాటినోవ్ మాస్క్, అంటే టెలిస్కోపు మూతికి తగిలించే చీలికల పలక, వాడండి. ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) 800 దగ్గర, కెమెరా మార్పులు చేయని రా ఫార్మాట్‌లో, నగరంలోనైతే 30 సెకన్ల చొప్పున, చీకటి ఊళ్లోనైతే 60 సెకన్ల చొప్పున, మొత్తం 2 గంటలకు తగ్గకుండా ఫ్రేములు తీయాలి. ఈ ఎక్స్‌పోజర్లలో నెబ్యులా నడిబొడ్డున ఉన్న ట్రెపీజియం అనే నాలుగు చుక్కల చుట్టూ అంతా తెల్లగా మాడిపోతుంది కనుక, 5 సెకన్ల ఫ్రేములు ఓ 40 విడిగా తీసుకోవాలి. కెమెరాలోని ఫిల్టర్ 656 నానోమీటర్ల హైడ్రోజన్ ఎరుపును చాలావరకు అడ్డుకుంటుంది; అయినా ఇంత ప్రకాశవంతమైన నెబ్యులా కోసం దానిని తీయించాల్సిన పనిలేదని నా అభిప్రాయం. తెల్లవారుజామున లెన్సు మీద మంచు పట్టకుండా హీటర్ పట్టీ చుట్టండి.

మూత పెట్టి, అదే ఎక్స్‌పోజర్‌తో, అదే చలిలో, సెన్సర్ తెచ్చే మచ్చలను తీసేయడానికి డార్క్ ఫ్రేములు తీయండి. ఫోకస్ గానీ కెమెరా గానీ కదిలించకముందే టెలిస్కోపు మూతికి తెల్లని గుడ్డ బిగించి, వేకువ వెలుగులో, ధూళి మచ్చలనూ అంచుల చీకటినీ సరిచేసే ఫ్లాట్ ఫ్రేములు తీయండి. డీప్‌స్కైస్టాకర్ గానీ సిరిల్ గానీ అనే సాఫ్ట్‌వేర్‌లో పొడవైన, పొట్టి ఎక్స్‌పోజర్ల ఫ్రేములను వేర్వేరుగా స్టాక్ చేసి (ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే చిత్రంగా కలిపి), పొట్టివాటి నుంచి వచ్చిన చిత్రాన్ని ఎంచుకున్న భాగాన్ని మాత్రమే మార్చనిచ్చే సాఫ్ట్‌వేర్ మాస్క్ సాయంతో నడిబొడ్డు మీదికి, నాలుగు చుక్కలూ విడివిడిగా కనిపించేదాకా కొద్దికొద్దిగా కలపాలి.