రైఫిల్ గొట్టంలో పట్టేసిన రాగిని వదిలించడం

మా నాన్నగారి రైఫిల్ వారసత్వంగా నా లైసెన్సు మీదికి వచ్చాక మొదటిసారి రేంజికి తీసుకెళ్లి, 50 మీటర్ల దూరంలో కాగితం పెట్టి అయిదు తూటాలు కాల్చాను. అయిదూ కాగితం మీదే పడ్డాయి గానీ ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. జానెడు మేర చెదిరిపోయాయి. పక్కనున్న నా పాత విద్యార్థి, "మాస్టారూ, గొట్టం అరిగిపోయింది. ఇక గోడకు తగిలించుకోవడమే" అన్నాడు. నా మనసు ఒప్పలేదు. ఇంటికొచ్చి, గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్టు తీసి, మూతి దగ్గర టార్చి పెట్టి చూశాను. గొట్టంలో గాళ్లు, అంటే గుండును మెలితిప్పే గాడులు, నిక్షేపంగా ఉన్నాయి. వాటి మధ్య మిట్టల మీద మాత్రం కొత్తగా తోమిన రాగిచెంబు రంగులో చారలు కనిపించాయి. ఎన్నేళ్లదో ఆ రాగి! దాన్ని వదిలించడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. అందులో ఒకటిన్నర సాయంత్రం నా పొరపాటు వల్లే పోయింది. ఆ పొరపాటు మీరు చేయకూడదని ఇదంతా రాస్తున్నాను.

మాది .315 స్పోర్టింగ్ రైఫిల్, ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసింది. నాన్నగారు కుర్రతనంలో దాంతో నల్లమల అంచుల్లో వేటకు వెళ్లేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట ఆగింది. నేను కాల్చేది కాగితాన్నే. ఆయన కాల్చి వచ్చిన ప్రతిసారీ గొట్టంలో మరిగిన నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, నూనె పట్టించేవారు. అది చాదస్తం కాదు. పాతకాలపు తూటాల క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గాలిలో తేమను లాక్కుని ఉక్కును తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. అందుకే మరిగిన నీళ్లు. మా గొట్టం ఇప్పటికీ బతికి ఉందంటే ఆయన చేతి చలవే. కానీ వేడినీళ్లకు రాగి కదలదు. అది పొరమీద పొరగా అలాగే ఉండిపోయింది.

రాగి ఎక్కడిదంటారా? గుండు లోపల సీసం, పైన రాగి తొడుగు. శుద్ధమైన రాగి కాదు, కాస్త జింకు కలిపిన మిశ్రమం. నూటికి 90 నుంచి 95 పాళ్లు రాగే. ఆ గుండు గాళ్లలో ఒరుసుకుంటూ, మెలి తిరుగుతూ, విపరీతమైన వేడిలో వెళ్తుంటే తొడుగు కొంచెం కొంచెంగా ఉక్కుకు అంటుకుంటుంది. నున్నటి గొట్టం తక్కువ పట్టుకుంటుంది, ఎక్కడైనా గరుకు ఉంటే అక్కడ ఎక్కువ పడుతుంది. తర్వాతి కాల్పులో ఆ రాగి మీద తూటాలో కాలిన మందు మసి కూర్చుంటుంది, ఆ మసి మీద మళ్లీ రాగి. మసీ రాగీ ఇలా పూతరేకు మడతల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. మొండి రాగి అనేది ఇదే. రాగిని కరిగించే మందు మసిని కరిగించలేదు, మసిని కరిగించేది రాగిని తాకలేదు. ఒకే సీసా పట్టుకుని రోజంతా రుద్దినా ఒక మడత దగ్గర ఆగిపోతుంది.

మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసెయ్యండి, తూటా కూర్చునే ఛాంబర్లో వేలు పెట్టి ఖాళీగా ఉందని చూసుకోండి, తూటాలు వేరే గదిలో పెట్టండి. ఎన్నేళ్లు వాడినవాళ్లయినా సరే, ప్రతిసారీ. ఈ రకం రైఫిల్లో బోల్టును పూర్తిగా వెనక్కి లాగి, దాని తల భాగాన్ని పైకి తిప్పితే బయటికి వచ్చేస్తుంది. ఇక వెనక నుంచి చూస్తే గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు తేటగా కనబడుతుంది.

కావలసినవి: ఒకే ముక్కగా ఉండే క్లీనింగ్ రాడ్, వీలైతే ప్లాస్టిక్ పూత ఉన్నది, మసి తీసే మందు, రాగి తీసే మందు, ఒక కంచు బ్రష్షు, రెండు నైలాన్ బ్రష్షులు, ప్లాస్టిక్ జాగ్, అంటే గుడ్డముక్కను పట్టుకుని తోసే మొన, పాత నూలు బనియన్లు రెండు, నైట్రైల్ గ్లవ్స్. మరలతో బిగించే మూడు ముక్కల రాడ్లు చవకగా దొరుకుతాయి. తోసేటప్పుడు అవి మధ్యలో వంగి గొట్టం గోడను ఒరుసుకుంటాయి, నేను వాడను.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. మొదటి సాయంత్రం రాగి మందు పట్టించి, పావుగంట లోపే గుడ్డ తోస్తే ముదురు నీలం వచ్చింది. రాగి కరుగుతోందని సంతోషపడ్డాను. రెండో గుడ్డ నీలం, మూడోది నీలం, పన్నెండోది కూడా నీలం. మర్నాడు మళ్లీ అంతే. గొట్టంలో ఎంత రాగి ఉన్నా ఇంతలా తరగకుండా ఉంటుందా అని అనుమానం వచ్చింది. నేను వాడుతున్న జాగ్ ఇత్తడిది. ఇత్తడిలో ఉన్నది రాగే కదా! గాజుపలక మీద ఆ జాగ్ పెట్టి, దాని మీద రెండు చుక్కలు మందు వేసి, పక్కన కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. కాసేపటికి చుక్క అంచున, ఇత్తడి తగిలిన చోట, నెమలికంఠం రంగు సన్నటి గీతలా మొదలైంది. కళ్లముందే చుక్క మొత్తం నీలమైపోయింది. రెండు రోజులుగా నేను గొట్టంలోని రాగిని కాదు, నా జాగ్‌ను కరిగిస్తున్నాను. ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లల చేత సాల్ట్ అనాలిసిస్ చేయించినవాణ్ణి, అమ్మోనియా పోస్తే గాఢ నీలం వస్తే అందులో రాగి ఉన్నట్టు అని ప్రతి బ్యాచికీ చెప్పినవాణ్ణి. ఆ రాగి ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న నేను వేసుకోలేదు. కాబట్టి రాగి మందు తగిలే దశలో ఇత్తడి జాగ్ వద్దు, కంచు బ్రష్షు వద్దు. ప్లాస్టిక్, నైలాన్ మాత్రమే. అప్పుడే గుడ్డ మీది రంగు నిజం చెబుతుంది.

రైఫిల్‌ను బల్ల మీద మూతి కాస్త కిందికి ఉండేలా ఆనించండి. లేకపోతే మందు వెనక్కి కారి చెక్కలోకి, ట్రిగ్గర్లోకి దిగుతుంది. చెక్క వార్నిష్ పాడవుతుంది. మూతి కింద ఒక డబ్బా పెట్టుకోండి. కిటికీలు తెరవండి. మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, ఇరుకు సందు. మొదటిరోజు హాల్లో సీసా మూత తీయగానే మా ఆవిడ వంటింట్లోంచే, "ఏమండీ, మిర్చి యార్డు మధ్యలో నిలబడ్డట్టుంది, డాబా మీదికి తీసుకెళ్లండి" అంది. ఆ ఘాటు నిజంగానే కళ్లకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. డాబా మీద, పిట్టగోడ నీడన చేసుకోవడం మొదలుపెట్టాను.

ముందు మసి. మసి మందుతో తడిపిన గుడ్డ రెండుసార్లు పంపి, పది నిమిషాలు ఆగి, కంచు బ్రష్షుతో ఎనిమిది పదిసార్లు తోయండి. రాడ్ ఎప్పుడూ వెనక నుంచే, ఛాంబరు వైపు నుంచే పోవాలి. మూతి అంచు గుండు గొట్టాన్ని వదిలే ఆఖరి చోటు. అక్కడ వెంట్రుకవాసి ఒరిసినా గురి తప్పుతుంది. బ్రష్షు మూతి బయటికి పూర్తిగా వచ్చాకే వెనక్కి లాగాలి, లోపల మధ్యలో తిప్పకూడదు. గుడ్డలు నల్లగా వచ్చి, తర్వాత బూడిదరంగుకు తిరిగాక పొడిగుడ్డతో తుడిచి, ఆ మందు జాడ లేకుండా చేయండి. రెండు రకాల మందులు గొట్టంలో కలవకూడదు.

తర్వాత రాగి. దీని పనితీరు తెలిస్తే సగం పని అయినట్టే. అమ్మోనియా ఒక్కటే రాగిని కరిగించలేదు. ముందు గాలిలోని ఆక్సిజన్ రాగిని ఆక్సీకరణం చేయాలి, అలా విడివడిన రాగి అయాన్ చుట్టూ అమ్మోనియా అణువులు చేరి నీలిరంగు సంక్లిష్టంగా ద్రావణంలోకి లాగుతాయి. ఇనుము జోలికి అలా పోవు, అందుకే ఉక్కు మిగిలి రాగి పోతుంది. అంటే ఇక్కడ పని చేసేవి గాలి, సమయం. భుజబలంతో పని లేదు. గొట్టం నిండా మందు పోసి బిరడా పెడితే లాభం లేదు. పలచగా తడిసి ఉండాలి, గాలి ఆడాలి. నైలాన్ బ్రష్షు మీద మందు వేసి పదీ పన్నెండుసార్లు నెమ్మదిగా పంపండి. పది నిమిషాలు వదిలేయండి. రెండు పొడిగుడ్డలు పంపి రంగు చూడండి. మళ్లీ అదే.

స్వీట్స్ 7.62 లాంటి రాగి మందులో అయిదు శాతం అమ్మోనియా ఉంటుంది. దాన్ని పావుగంట మించి గొట్టంలో ఉంచకూడదు, ఆరిపోనివ్వకూడదు. మన ఎండల్లో డాబా మీద అది అయిదు నిమిషాలకే ఆరిపోతుంది, కాబట్టి పొద్దు వాలాకే మొదలుపెట్టండి. హాపీస్ నంబర్ 9 మెల్లగా పనిచేస్తుంది, మసికి బాగుంటుంది, మొండి రాగికి చాలదు.

నీలం లేతబడుతూ వచ్చి ఒకచోట ఆగిపోతుంది, కానీ టార్చి వేస్తే రాగి ఇంకా కనిపిస్తుంది. మీరు మసి మడత దగ్గరికి చేరారన్నమాట. తుడిచి, ఆరబెట్టి, మళ్లీ మసి మందుకు వెళ్లండి. ఆ తర్వాత రాగి మందు వేస్తే గుడ్డ మళ్లీ ముదురు నీలంగా వస్తుంది. నాకు ఈ మార్పు నాలుగుసార్లు జరిగింది. ఏ గుడ్డకు ఏ రంగు వచ్చిందో నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకోకపోతే ఏ మడతలో ఉన్నామో గుర్తుండదు.

ఆఖర్న మూతికి నాలుగు అంగుళాల లోపల ఒక పట్టీ మిగిలింది, ఎంతకీ పోలేదు. దానికి నురుగు మందు వాడాను. అమ్మోనియా లేని రకాలు ఉన్నాయి, రాత్రంతా ఉంచవచ్చని డబ్బా మీదే రాసి ఉంటుంది. అలా రాసి ఉన్నదాన్నే రాత్రంతా ఉంచాలి. రెండు రాత్రులు పెట్టాను. రెండో ఉదయం మూతి దగ్గర నురుగు నీలి ముద్దగా దిగి ఉంది, పట్టీ పోయింది. అరగదీసే పేస్టు అవసరం పడలేదు. ఎవరైనా వాడాల్సి వస్తే ఆ మొండిచోట కొద్దిసార్లే, మూతి అంచు దాటకుండా.

చింతపండుతో రాగిచెంబు తళతళలాడుతుంది కదా, గొట్టంలో ఎందుకు పనికిరాదని ఇద్దరు ముగ్గురు అడిగారు. చెంబు మీద పోయేది పైపైన పట్టిన చిలుము. గొట్టంలో ఉన్నది లోహం. చింతపండు పులుపు ఆ లోహాన్ని వదిలించదు సరికదా, ఉక్కుకు తుప్పు రప్పిస్తుంది. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. ఎమరీ కాగితం, స్టీల్ వూల్ రాడ్‌కి చుట్టి తోయడం గొట్టాన్ని చంపడమే. బ్యాటరీ పెట్టి కరెంటుతో రాగి లాగే పద్ధతి ఉంది, సూత్రం సరైనదే. కానీ వైర్లు తారుమారైతే రాగి బదులు ఉక్కే కరుగుతుంది, ఇంట్లో చేయవద్దంటాను. ల్యాబ్ సరుకు అమ్మే చోట దొరికే గాఢ అమ్మోనియా ముట్టుకోకండి. ఏ అమ్మోనియా మందూ బ్లీచింగ్ పౌడర్‌తోగానీ, అదే కలిసిన ఫినాయిల్ రకాలతోగానీ కలవనివ్వకండి. విషవాయువు పుడుతుంది. బాత్‌రూమ్‌లో కూర్చుని ఈ పని చేయకూడదని చెప్పేది అందుకే.

పని పూర్తయ్యాక స్పిరిట్ గుడ్డ ఒకటి, పొడిగుడ్డలు మూడు, ఆపైన తుపాకీ నూనె పలచగా. ఈ ఆఖరి మెట్టు దాటవేయవద్దు. ఇన్నాళ్లూ రాగి, మసి కింద కప్పబడి ఉన్న ఉక్కు ఇప్పుడు బట్టబయలుగా ఉంది, మన గుంటూరు విజయవాడ గాలిలో తేమ ఎంతో తెలిసిందే. తొలకరి మొదలయ్యాక నేను పదిహేను రోజులకోసారి నూనెగుడ్డ పంపుతాను. కాన్వాసు, తోలు కవర్లు తేమ పీల్చుకుంటాయి, వాటిలో నిల్వ పెట్టవద్దు. ఎన్నికలప్పుడు ఆయుధం డిపాజిట్ చేయాల్సి వస్తుంది కదా, 2024లో ఇచ్చేముందు ఇలాగే శుభ్రం చేసి, మామూలుకన్నా చిక్కగా నూనె పట్టించి ఇచ్చాను. తిరిగొచ్చాక గొట్టం చెక్కుచెదరలేదు.

మళ్లీ కాల్చేరోజు ముందుగా పొడిగుడ్డ పంపి నూనె మొత్తం తీసేయాలి. నూనెతో కాలిస్తే ప్రమాదం, గురీ కుదరదు. శుభ్రమైన గొట్టం నుంచి మొదటి మూడు నాలుగు గుళ్లు కాస్త అటూ ఇటూ పోతాయి, కంగారు పడకండి. పలచటి పొర ఒకటి కూర్చున్నాక స్థిరపడుతుంది. అందుకే గుడ్డ మల్లెపువ్వులా తెల్లగా వచ్చేదాకా ప్రతిసారీ తోమక్కర్లేదు. నేనిప్పుడు కాల్చి వచ్చిన రోజు మసి మాత్రం తీస్తాను, గుళ్లు పడే గుంపు చెదరడం మొదలైందని కాగితం చెప్పినప్పుడే రాగి మందు సీసా తెరుస్తాను. పోయిన నెల అదే 50 మీటర్ల దూరంలో, మొదటి మూడు పక్కన పెడితే, మిగిలిన అయిదూ అగ్గిపెట్టె కింద కప్పెట్టగలిగేలా పడ్డాయి. ఆ కాగితాన్ని నాన్నగారి పాత లైసెన్సు పుస్తకంలో మడిచి పెట్టాను.