గోంగూర నాటు రకాలను పోల్చి, విత్తనం కలవకుండా నిలుపుకోవడం ఎలా

కోస్తాలో గోంగూర అన్నా తెలంగాణలో పుంటికూర అన్నా, ఆ పేరు కింద రెండు వేర్వేరు జాతులున్నాయి. హైబిస్కస్ సబ్దరిఫాలో 72 క్రోమోజోములు, హైబిస్కస్ కన్నాబినస్‌లో 36 ఉండటం వల్ల ఇవి ఒకదానితో ఒకటి సులభంగా సంకరం కావు. లేత కట్టలో వీటిని వేరుచేయడం కష్టం. కాయ కట్టేదాకా ఆగితే, మొదటిదానికి కాయ చుట్టూ ఉన్న రక్షక పత్రాలు సాధారణంగా కండపట్టి పుల్లగా ఉంటాయి. రెండోదానికి కండ ఉండదు, నూగు చేతికి గుచ్చుకుంటుంది. ముందుగా జాతిని తేల్చుకోవాలి.

సబ్దరిఫా చాలావరకు స్వపరాగ సంపర్కం జరుపుకుంటుంది, అంటే తన పుప్పొడితోనే కాయ కడుతుంది కనుక, ఒకే పెరటి విత్తనంతో ఏళ్ల తరబడి పెరిగిన మొక్కలు దాదాపు ఒకే పోలికతో ఉంటాయి. తేడాలు ఊరికీ ఊరికీ మధ్యనే ఎక్కువ. అందుచేత ఒక తోట నుంచి కిలో విత్తనం తేవడం కంటే పది ఊళ్ల నుంచి పిడికెడేసి తేవడం మేలు. ప్రతి పొట్లం మీద ఊరి పేరు, అక్కడ ఆ రకాన్ని పిలిచే పేరు, కాడ రంగు, విత్తే నెల రాయాలి.

అన్నిటినీ తొలకరిలో ఒకే మడిలో, పొట్లానికో వరుస చొప్పున, ఒకే రోజున విత్తాలి. గోంగూర పగటి పొద్దు తగ్గేకొద్దీ పూతకు వస్తుంది. ఆలస్యంగా విత్తినది పొట్టిగా ఉండగానే పూసి, వేరే రకమేమోనన్న భ్రమ కలిగిస్తుంది. కాడ రంగు, ఆకు చీలికలు, తొలి పూత తేదీ, కోసిన తరువాత చిగురించే తీరు నమోదు చేయాలి. పులుపును ఒకే వయసు ఆకులు నమిలి పోల్చవచ్చు, కానీ మూడు నాలుగు ఆకులకే నాలుక మొద్దుబారుతుంది కనుక నడుమ నీళ్లతో పుక్కిలించాలి.

విత్తనానికి వదిలిన మొక్కల ఆకు కోయరాదు. తేనెటీగల వల్ల కొంత కలయిక జరుగుతుంది కాబట్టి, మరునాడు విచ్చుకోబోయే మొగ్గ కొనను సాయంత్రమే దారంతో కట్టి, ఆ కాయలకు గుర్తు పెట్టాలి. వరుసకు కనీసం ఇరవై మొక్కల నుంచి ఎండిన కాయలు తీసి, గింజలను నీడలో ఆరబెట్టి, గాలి చొరని సీసాలో నిల్వ చేయాలి.

తెల్లకాడ వరుసలో ఒక ఎర్రకాడ మొక్క కనిపిస్తే పీకి పారేయకుండా, దాని మొగ్గలను కూడా ఇలాగే కట్టి, విత్తనాన్ని వేరుగా దాచి మరుసటి ఏడు విత్తి చూడాలి. పిల్ల మొక్కలన్నీ ఎర్రగానే వస్తే అది పొట్లంలో కలిసిన వేరే విత్తనం అయ్యుండవచ్చు; రెండు రంగులూ వస్తే అంతకుముందెప్పుడో సంకరం జరిగినట్టు.