గదిలో ఎయిర్ రైఫిల్ – 3వ పాఠం: వదులుగా పట్టుకోవడం

పోయిన పాఠంలో గదిలో 5 మీటర్లు కొలిచి, చివర పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లను, అంటే చిన్న సీసపు గుండ్లను ఆపే పెట్టె) పెట్టి, టార్గెట్ మీద బాగా వెలుతురు పడేలా లైటు అమర్చుకున్నాం. ట్రాప్ వెనకాల ఇనుప పలక ఉందో లేదో మళ్లీ చూడండి. అటువైపు తలుపుంటే గడియ పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఇక రైఫిల్ చేతిలోకి తీసుకుందాం.

మనది స్ప్రింగ్‌తో పనిచేసే తక్కువ పవర్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కగానే లోపల ఏం జరుగుతుందో ముందు తెలియాలి. స్ప్రింగ్ విడుదలై పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ఆ తోపుకి రైఫిల్ వెనక్కి జరుగుతుంది. చివరికి చేరేసరికి పిస్టన్ ముందున్న గాలి బాగా నొక్కుకుపోయి దాన్ని ఆపుతుంది, కాస్త వెనక్కి కూడా తోస్తుంది. అప్పుడు రైఫిల్ ముందుకు కుదుపుతుంది. పెల్లెట్ కదలడం మొదలయ్యేది దాదాపు ఆ సమయంలోనే. అంటే అది బ్యారెల్ దాటకముందే రైఫిల్ కదిలిపోయి ఉంటుంది. మనం ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ కదలిక ఆగదు. ప్రతిసారీ ఒకేలా కదిలేలా చూడటమే మన పని.

అందుకే వదులు పట్టు. ఎడమ అరచేతిని తెరిచి, రైఫిల్ బరువు సమంగా నిలిచే చోట కింద ఆనించండి. వేళ్లు చుట్టకండి. (ఎడమచేతి వాటం వాళ్లు చేతులు మార్చి చదువుకోండి.) కుడిచెయ్యి ట్రిగ్గర్ దగ్గర పట్టీ పట్టనట్టు ఉంటే చాలు, భుజానికి బట్ (రైఫిల్ వెనక చివర) తగిలీ తగలనట్టు ఉండాలి. చెంప కూడా ఆనాలి గానీ నొక్కకూడదు. మొదట్లో రైఫిల్ జారిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంటుంది. చిన్న రైఫిల్ కాబట్టి ఆ భయం త్వరగా పోతుంది.

ఇక్కడే తక్కువ పవర్ రైఫిల్ గొప్పతనం. 4 జౌల్స్ (శక్తి కొలత) శక్తితో అర గ్రాము పెల్లెట్ సెకనుకు సుమారు 126 మీటర్ల వేగంతో వెళ్తుంది. పెద్ద రైఫిల్ పెల్లెట్ కంటే కాస్త ఎక్కువసేపు బ్యారెల్‌లో ఉంటుంది కనుక, పట్టులో తేడా టార్గెట్ మీద తెలిసిపోతుంది. కుదుపు మాత్రం చిన్నది, భుజం అలసిపోదు. గదిలో గాలి వీచదు కాబట్టి తప్పు నెట్టడానికి సాకు కూడా మిగలదు. పవర్ ఎక్కువుంటేనే గురి కుదురుతుందనేవాళ్లు ఒక సాయంత్రం ఇలాంటి రైఫిల్‌తో కూర్చుంటే బాగుంటుంది.

స్కోప్ ఇప్పుడు వద్దు. చాలా స్కోపులకు 5 మీటర్ల దూరంలో బొమ్మ మసకగా కనిపిస్తుంది. రైఫిల్ మీద గురి చూడటానికి ఉండే మామూలు సైట్లు చాలు. ముందువైపు సైట్ స్పష్టంగా, టార్గెట్ కాస్త మసకగా కనిపించాలి, అటుదిటు కాకూడదు. పేలాక కూడా ఒక క్షణం ముందువైపు సైట్‌నే చూస్తూ ఉండండి. తల ఎత్తి ‘ఎక్కడ తగిలిందా’ అని చూసే అలవాటే గుంపును (కాగితం మీద పడిన రంధ్రాల గుంపును) చెదరగొడుతుంది.

10 మీటర్ల పోటీ టార్గెట్‌ను సగం సైజులో ప్రింట్ తీసుకోవచ్చు. అసలు టార్గెట్‌లో పదికి ఉన్న చుక్క అర మిల్లీమీటరే, సగం చేస్తే మీ ప్రింటర్ దాన్ని వెయ్యగలదో లేదో! పెల్లెట్ మాత్రం 4.5 మిల్లీమీటర్లే ఉంటుంది, అది సగం కాదు. కాబట్టి ఈ కాగితం మీద మార్కులు కాస్త ఉదారంగా పడతాయి, పోటీ స్కోర్లతో పోల్చుకోకండి. చదును తల పెల్లెట్లు వాడితే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా పడుతుంది.

ఈ వారం అభ్యాసం: మూడు కాగితాలు, ఒక్కోదాని మీద 5 పెల్లెట్లు. మొదటిదానికి రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టండి. రెండోదానికి పైన చెప్పినట్టు వదులుగా. మూడోదానికీ వదులుగానే, కానీ అరచేతిని రెండంగుళాలు ముందుకు జరపండి. సైట్లు మాత్రం ముట్టుకోవద్దు. మూడు గుంపుల వెడల్పుతో పాటు అవి పడిన చోటు కూడా చూడండి. చెయ్యి జరిపితే గుంపు మొత్తం పైకో కిందికో మారవచ్చు. ఏ చోట గుంపు బాగా చిన్నదైతే అక్కడ చెక్క మీద చిన్న టేపు ముక్క అంటించుకోండి. ఇక నుంచి చెయ్యి అక్కడే.

మధ్యలో పెల్లెట్ లేకుండా ఊరికే పేల్చి చూడకండి. ఎదురు ఒత్తిడి చాలక పిస్టన్ నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది. బ్యారెల్ వంచి పెల్లెట్ పెట్టేటప్పుడు ఇంకో చేత్తో బ్యారెల్‌ను పట్టుకునే ఉండాలి. ముగించాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పెల్లెట్లు సీసంవి.

వచ్చే పాఠం ట్రిగ్గర్ గురించి. ఈ మూడు కాగితాలూ తేదీ వేసి దాచండి, అప్పుడు పనికొస్తాయి.